షోపాన్ రెండో ముఖం: ఒక శిల్పి కేస్ స్టడీ

మూడేళ్ళ క్రితం వేసవిలో, రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. కృష్ణా జిల్లాలో ఒక పల్లెలో వయొలిన్ మాస్టారు పోయారు. ఫోన్ చేసింది ఆయన శిష్యుడు. "పొద్దున్నే తీసుకెళ్ళిపోతారండీ. ఈలోపు వచ్చి ముఖం అచ్చు తీయగలరా? విగ్రహం పెట్టించుకుంటాం" అన్నాడు. ప్లాస్టర్ సంచి, వాజలైన్ డబ్బా, రెండు బేసిన్లు, దారపు ఉండ బండిలో పడేసుకుని బయల్దేరాను. తెల్లవారకముందే అచ్చు తీయడం అయిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఆ అచ్చు ముందు పెట్టుకుని బంకమన్నుతో బస్ట్, అంటే తల నుంచి భుజాల దాకా ఉండే విగ్రహం, చేశాను. కాలిపర్‌తో కొలిచి, మళ్ళీ కొలిచి చేశాను. ముక్కు పొడవు, కళ్ళ మధ్య దూరం, గడ్డం వెడల్పు, దేంట్లోనూ తేడా లేదు. శిష్యులు వచ్చి చూసి "అచ్చు గుద్దినట్టు ఉన్నారు మాస్టారు" అన్నారు. వాళ్ళతో పాటు మాస్టారి భార్య కూడా వచ్చారు. ఒక్కసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగిపోయారు.

"ఇది ఆయన పోయిన రోజు ముఖం నాయనా. నాకు ఇది వద్దు."

శిల్పం నేర్చుకున్న ముప్ఫై ఏళ్ళలో అంత సరైన విమర్శ నేను వినలేదు. కొలతల్లో తప్పు లేదు, అయినా ఆ ముఖం తప్పు. ఎందుకలా అయిందో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ సమాధానం వెతుక్కుంటూ పోతే 1849 నాటి పారిస్ దగ్గర తేలాను. ఆ తర్వాత ఒకసారి అక్కడికి వెళ్ళే అవకాశమూ వచ్చింది. ఈ కేస్ స్టడీలో ఎక్కువ భాగం ఆ పారిస్ కేసు గురించే. మా మాస్టారి కేసు చివర్లో మళ్ళీ వస్తుంది.

1849 అక్టోబర్ 17

పియానో కోసమే పుట్టినట్టు రాసిన పోలిష్ సంగీతకర్త ఫ్రెడెరిక్ షోపాన్ (ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనలో చాలామంది చోపిన్ అంటాం) 1849 అక్టోబర్ 17న తెల్లవారుజామున పారిస్‌లో, ప్లాస్ వాండోమ్‌లోని 12వ నంబరు ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బుతో క్షీణించిపోయి ఉన్నాడు. అక్క లుద్వికా ఆ ఆగస్టులోనే వార్సా నుంచి వచ్చి ఆయన పక్కనే ఉంది. తెల్లారాక ఆ గదిలోకి ఒక శిల్పి వచ్చి, ప్లాస్టర్‌తో ముఖానికి, చేతికి అచ్చులు తీశాడు. ఆయన పేరు ఓగుస్ట్ క్లెసింజే.

ఈ క్లెసింజే బయటివాడేమీ కాదు. షోపాన్‌తో దాదాపు తొమ్మిదేళ్ళు సహజీవనం చేసిన రచయిత్రి జార్జ్ సాండ్‌కు స్వయానా అల్లుడు. ఆమె కూతురు సొలాంజ్‌ను 1847లో పెళ్ళాడాడు. పెళ్ళయిన కొద్ది వారాలకే అత్తవారింట్లో పెద్ద గొడవ జరిగింది, చేతులు కూడా లేచాయి. ఆ గొడవలో షోపాన్ సొలాంజ్ పక్షం తీసుకోవడంతో సాండ్‌తో ఆయన బంధం తెగిపోయింది. అసలు క్లెసింజే అంటేనే షోపాన్‌కు పెద్దగా గిట్టేది కాదు. చివరికి ఆయన ముఖం మీద ప్లాస్టర్ పోసింది, సమాధి మీద పాలరాయి చెక్కింది ఆ మనిషే. ఇలాంటివి కథల్లో చదివితే కల్పించారనుకుంటాం.

వృత్తిపరంగా క్లెసింజే గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఈ కేసుకు అది చాలా ముఖ్యం. 1847లో సలోన్ అనే పారిస్ కళా ప్రదర్శనలో ఆయన 'పాము కాటేసిన స్త్రీ' అనే పాలరాతి శిల్పం పెట్టాడు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అది చూసి నగరమంతా గగ్గోలు పెట్టింది. బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు పోసి, దాన్ని రాతిలోకి దించాడని, అది శిల్పం కాదని విమర్శకులు విరుచుకుపడ్డారు. ఆ రోజుల్లో శిల్పికి అదే అతిపెద్ద నింద. అచ్చు పనివాడు చేసేది, శిల్పం కళాకారుడు చేసేది అని గట్టిగా నమ్మిన కాలం. అలాంటి నింద మోసిన మనిషికి రెండేళ్ళ తర్వాత, ఎవరూ తప్పుపట్టలేని అచ్చు ఒకటి చేతికొచ్చింది. అది కూడా యూరప్ అంతా తెలిసిన ముఖం. ఆయన చేతులు ఎలా వణికి ఉంటాయో నేను ఊహించగలను.

ఆ అచ్చులోంచి తీసిన మొదటి ప్లాస్టర్ ముఖం కుటుంబానికి నచ్చలేదని చెబుతారు. చివరి గంటల బాధ అందులో అలాగే నిలిచిపోయింది. అది చూడలేమన్నారు. క్లెసింజే కాదనకుండా దాన్ని సవరించి, ప్రశాంతంగా నిద్రపోతున్నట్టున్న ఇంకో ముఖం చేసిచ్చాడు. ఇవాళ మ్యూజియంలలో, పుస్తకాల అట్టల మీద మనం చూసే షోపాన్ మరణ ముఖం ఆ రెండోదే.

ఇది చదివినప్పుడు నాకు మాస్టారి భార్య కొంగు గుర్తొచ్చింది.

అచ్చు ఎక్కడ అబద్ధం చెబుతుంది

మరణ ముఖాచ్చు అంటే నూరు శాతం నిజమని జనం నమ్మకం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. చేసి చూశాక తెలిసింది, అది ఒక్క క్షణానికి మాత్రమే సాక్ష్యమని. మనిషి పడుకుని ఉన్నప్పుడు బుగ్గల కండ చెవుల వైపు జారిపోతుంది. దాంతో ముక్కు పైకి లేచి, బతికున్నప్పటి కంటే పదునుగా కనిపిస్తుంది. కళ్ళు లోపలికి దిగుతాయి. కట్టుడు పళ్ళుంటే తీసేస్తారు కాబట్టి పెదాలు లోపలికి ముడుచుకుంటాయి. దీనికి తోడు తడి ప్లాస్టర్‌కు బరువుంటుంది. రెండు వేళ్ళ మందాన పోస్తే మెత్తటి చర్మం ఆ బరువుకు ఇంకొంచెం అణుగుతుంది. చెవుల దగ్గర వెంట్రుకలు అడ్డమొస్తాయి, అందుకని చెవి అచ్చు చాలాసార్లు సరిగా రాదు. బతికున్న షోపాన్ ముక్కు కూడా కొంచెం వంకీ తిరిగి పొడవుగానే ఉండేది. పడుకున్న ముఖంలో అదింకా ఎంత పదును తేలి ఉంటుందో ఆలోచించండి.

ఈ విషయంలో బీథోవెన్ కేసు ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1812లో ఫ్రాంజ్ క్లైన్ అనే శిల్పి, బతికున్న బీథోవెన్ ముఖానికే అచ్చు తీశాడు. 1827 మార్చి 26న బీథోవెన్ చనిపోయాడు. 27న శవపరీక్ష చేసి, చెవుల సంగతి తేల్చడానికి కణత ఎముకలు కోసి తీశారు. ఆ తర్వాత 28న యోసెఫ్ డాన్‌హౌజర్ మరణ ముఖాచ్చు తీశాడు. ఎముక తీసేసిన ముఖం నిలబడదు, కూలిపోతుంది. అందుకే ఆ తర్వాత బీథోవెన్ బస్టులు చేసిన శిల్పులు ఎక్కువగా 1812 నాటి ముఖాన్నే పట్టుకున్నారు. చనిపోయినవాణ్ణి చెక్కడానికి, పదిహేనేళ్ళ ముందు బతికున్న ముఖమే పనికొచ్చింది.

షోపాన్‌కు అలాంటి బతికున్నప్పటి అచ్చు లేదు. మరి క్లెసింజే దగ్గర, ఆ నగరంలో, ఏమేం ఉన్నాయి? ఆంత్వాన్ బోవీ 1837లో చేసిన పక్క ముఖపు పతకం ఉంది. అది పచ్చగా ఉన్న రోజుల ముఖం. చిత్రకారుడు డెలక్రువా 1838లో షోపాన్, సాండ్ ఇద్దరినీ కలిపి వేసి, పూర్తి చేయకుండా వదిలేసిన బొమ్మ ఉంది. తర్వాత దాన్ని రెండు ముక్కలుగా కోసేశారు. షోపాన్ ముక్క ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, సాండ్ ముక్క కోపెన్‌హాగెన్ దగ్గర ఉన్నాయి. 1849 ప్రాంతంలో బిసోన్ తీసిన ఫొటో ఉంది. అందులో షోపాన్ మందపాటి కోటు వేసుకుని, కనుబొమలు ముడిచి, జబ్బు మనిషిలా కూర్చుని ఉంటాడు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని స్నేహితుడు తెయోఫిల్ క్వియాట్‌కోవ్‌స్కీ వేసిన బొమ్మలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ 'అసలు' ముఖం కాదు. వీటన్నిటినీ మించి, క్లెసింజే తన కళ్ళతో చూసిన మనిషి ఉన్నాడు.

నా పద్ధతి ఇప్పుడు ఇలా మారింది. అచ్చులోంచి ఎముక కొలతలు మాత్రమే తీసుకుంటాను. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక, దవడ అంచు, ఇవి పడుకున్నా లేచినా మారవు. కండను అచ్చులోంచి తీసుకోను. దానికి ఫొటోలు, వీడియోలు, ఇంట్లోవాళ్ళ మాటలు చూసుకుంటాను. ఎవరి ముఖం చేస్తున్నానో తెలిసిన మనిషిని మన్ను దగ్గర కూర్చోబెట్టి, ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ చేస్తాను.

పియానో లేదు, విరిగిన వీణ ఉంది

అంత్యక్రియలు దాదాపు రెండు వారాలకు, అక్టోబర్ 30న, మద్లెన్ చర్చిలో జరిగాయి. అక్కడ మొజార్ట్ రిక్వియెం, అంటే చనిపోయినవాళ్ళ కోసం పాడే ప్రార్థన సంగీతం, పాడారు. షోపాన్ శిష్యురాలు, స్కాట్లాండ్‌కు చెందిన జేన్ స్టిర్లింగ్ ఖర్చులో పెద్ద భాగం భరించింది. సమాధి కట్టడానికి డెలక్రువా కూడా ఉన్న స్నేహితుల కమిటీ ఒకటి ఏర్పడి చందాలు పోగుచేసింది. పని క్లెసింజేకు అప్పగించారు. సరిగ్గా ఏడాదికి, 1850 అక్టోబర్ 17న, పేర్ లషేజ్ శ్మశానంలో దాన్ని ఆవిష్కరించారు. ఆ రోజు సమాధి మీద పోలండ్ మట్టి చల్లారు.

పేర్ లషేజ్ మన శ్మశానాల్లా ఉండదు. 1804లో మొదలైన ఆ చోటు ఒక గుట్ట మీద, రాళ్ళు పరిచిన దారులతో, చెట్లతో ఒక ఊరిలా ఉంటుంది. షోపాన్ సమాధి పదకొండో విభాగంలో ఉంది. అదే విభాగంలో సంగీతకర్త కెరుబీని సమాధి కూడా ఉంది. దారి అడగక్కర్లేదు. ఎక్కడ పూలు ఎక్కువగా కనిపిస్తే, ఎరుపు తెలుపు రిబ్బన్లు ఎక్కడ కట్టి ఉంటే అదే. ఇనుప కంచె లోపల ఎత్తైన పీఠం, దాని మీద తల వంచుకుని కూర్చున్న స్త్రీ. గ్రీకుల సంగీత దేవత యూటర్పీ. ఒళ్ళో విరిగిన లైర్, అంటే వాళ్ళ వీణ అనుకోండి. కింద పీఠం ముందు భాగంలో గుండ్రని పలకలో షోపాన్ పక్క ముఖం, అంతే. పియానోతో బతికిన మనిషి సమాధి మీద పియానో ఎక్కడా కనిపించదు.

నేను అక్కడ రెండు గంటలకు పైగా నిలబడ్డాను. శిల్పిగా నా అభిప్రాయం దాచను. పైనున్న దేవత నన్ను కదిలించలేదు. బాగా చెక్కాడు, వస్త్రం మడతలు బాగా జారాయి, మెడ వంపు బావుంది. కానీ ఆ దుఃఖం ఎవరి సమాధి మీదైనా సరిపోతుంది. ఆ శతాబ్దంలో సంగీతకారుడు పోతే ఇలా ఒక ఏడ్చే దేవతను కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఇటలీలో బెర్గామో నగరంలో, సాంతా మరియా మజ్జోరే చర్చిలో, డొనిజెట్టి స్మారకం మీద 1855లో విన్‌చెంజో వేలా చెక్కిన శోకమూర్తి కూడా ఆ కోవదే. సంగీతాన్ని రాతిలో చూపించలేం కాబట్టి, సంగీతం ఆగిపోవడాన్ని చూపించేవాళ్ళు. తెగిన తీగ, వంగిన తల, మూసిన పుస్తకం. ఈ గుర్తులు అప్పటి జనానికి కొట్టినపిండి, చూడగానే అర్థమయ్యేవి.

టైమ్ లెక్క కూడా వేసుకోవాలి. కూర్చున్న నిండు స్త్రీ మూర్తి, పీఠం, పక్క ముఖం, అన్నీ ఏడాదిలో అయిపోయాయి. ఆ రోజుల్లో పని ఇలా సాగేది. శిల్పి మన్నుతో మోడల్ చేస్తాడు. దానికి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ప్లాస్టర్ మోడల్ మీద మూడు స్థిర బిందువులు పెట్టి, వాటికి పాయింటింగ్ మెషీన్ అనే చట్రం తగిలిస్తారు. చట్రంలో ముందుకీ వెనక్కీ జరిగే ఒక సూది ఉంటుంది. మోడల్ మీద సూది ఎంత లోతుకు వెళ్తే, రాతిలో అంత లోతుకు తొలిచి చుక్క పెడతారు. ఇలా వందలు, ఒక్కోసారి వేల చుక్కలు పెట్టాలి. ఈ బండ పని అంతా చేసేది రాతి పనివాళ్ళు. చివర్లో చర్మం, కనురెప్ప, వెంట్రుకల అంచు శిల్పి చేతిలో పడతాయి. మా వర్క్‌షాపులోనూ ఇప్పటికీ దాదాపు ఇంతే. కంప్యూటర్ మెషీన్ వచ్చాక బండ పని తగ్గింది గానీ, చివరి రెండు మిల్లీమీటర్లు ఇప్పటికీ చేతితోనే చేస్తాం. ఏడాదిలో అంత పని అంటే క్లెసింజేకు కంగారు లేకుండా ఉండి ఉండదు. దేవత విషయంలో ఆయన తనకు చేతనైన దారిలో వెళ్ళాడని నాకనిపిస్తుంది. ఆలోచనంతా ఆ గుండ్రని పలక మీద పెట్టాడు.

ఇప్పుడు ఆ పలక సంగతి. ఈ కేసులో అసలు సరుకు అదే.

పక్క ముఖం ఎందుకు? అది పురాతన పద్ధతే, నాణేల మీద రాజుల ముఖాలు అలాగే ఉంటాయి. బోవీ పతకం కూడా పక్క ముఖమే. కానీ మరణ ముఖాచ్చు నుంచి పని చేసేవాడికి పక్క ముఖం ఇంకో మేలు చేస్తుంది. ఎదుటి ముఖం చేస్తే మొదట కళ్ళు తెరవాలి. అచ్చులో కళ్ళు మూసుకుని ఉంటాయి. తెరిచిన కన్ను ఎలా ఉండేదో ఊహించి చెక్కాలి, అక్కడ వెంట్రుకవాసి తప్పినా ముఖం పరాయిదైపోతుంది. పాలరాతిలో కనుపాప ఇంకో తలనొప్పి. చెక్కకుండా వదిలేస్తే గుడ్డివాడిలా ఉంటాడు, తొలిస్తే చూపు నాటకీయంగా వస్తుంది. పక్క ముఖంలో కన్ను చిన్న త్రికోణం, అంతే. రెప్ప ఎంత తెరవాలన్నది ఒక గీత మార్చితే చాలు. జారిపోయిన బుగ్గ కూడా పక్క నుంచి పెద్దగా కనిపించదు. అచ్చులో అన్నిటికంటే నమ్మదగిన గీత ఏది? నుదుటి నుంచి ముక్కు దూలం మీదుగా గడ్డం దాకా దిగే గీత. పెదాలు తప్పిస్తే అదంతా దాదాపు ఎముక, మృదులాస్థి. పక్క ముఖం సరిగ్గా ఆ గీత మీదే నిలబడుతుంది. మరణం చెరిపేసేది పక్కకు తప్పుకుని, మిగిల్చింది ముందుకు వస్తుంది.

లోతు తగ్గించడం అనేది రిలీఫ్ పనిలో, అంటే పలక మీద ఉబ్బెత్తుగా బొమ్మ చెక్కే పనిలో, కష్టమైన విద్య. నిజమైన తల వెడల్పు అరచేయంత ఉంటే, దాన్ని రెండు మూడు వేళ్ళ మందంలో ఇరికించాలి. అన్నిటినీ ఒకే లెక్కన నొక్కితే ముఖం రొట్టెలా అవుతుంది. ముక్కు అంచు దగ్గర కొంచెం కోసి నీడ పడనివ్వాలి, బుగ్గ దగ్గర లోతు దాదాపు లేకుండా వెలుగు మెల్లగా మళ్ళేలా చేయాలి. నేను అక్కడ ఉన్న రోజు మబ్బు పట్టి ఉంది. కాసేపటికి మబ్బు విడి, ఎండ పక్కవాటుగా పీఠం మీద పడింది. అంతవరకూ పతకంలా ఉన్న ముఖంలో ఒక్కసారిగా దవడ కింద నీడ చేరి, మనిషి గాలి పీల్చుకున్నట్టయింది. ఇందుకే రిలీఫ్‌ను ఎప్పుడూ ఒక వెలుగులో చూసి తీర్పు చెప్పకూడదు.

పీఠం మీద అక్షరాలు చాలా కొద్ది. షోపాన్‌కు ఆయన స్నేహితులు, అన్న మాటలు అందులో ఉన్నాయి. ఎవరు చెక్కించారన్నది ఈ శిల్పానికి కీలకం. స్నేహితులు పెట్టారు, స్నేహితులు చూడగలిగిన ముఖం పెట్టారు.

మర్నాడు సేన్ నది మధ్యలోని సాన్ లూయీ దీవిలో పోలిష్ లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ షోపాన్ గది ఒకటి ఉంది. అందులో మరణ ముఖం, చేతి అచ్చు రెండూ చూడొచ్చు. ముఖం ముందు నిలబడితే అది నిద్రే అనిపిస్తుంది, క్లెసింజే సవరింపు అంత బాగా కుదిరింది. చెయ్యి మాత్రం వేరు. సవరించమని దాన్ని ఎవరూ అడగలేదనుకుంటాను. సన్నటి వేళ్ళు, కొంచెం వంగి, బరువు లేకుండా పడి ఉన్న చెయ్యి. ముఖం విషయంలో బంధువులు రాజీ అడిగారు, చెయ్యి విషయంలో అడగలేదు. ఎందుకంటే చనిపోయిన చెయ్యిని చూసి ఎవరూ భయపడరు. నిజం కావాలనుకునేవాళ్ళకు ఆ చెయ్యి ఉంది.

ఆరుబయట పాలరాయి గురించి ఒక మాట చెప్పాలి, ఇది మన దగ్గర పని చేసేవాళ్ళకు పనికొస్తుంది. పాలరాయి అంటే దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్, సున్నపురాయికి చుట్టమే. నగరపు పొగలోని గంధకం వానలో కలిసి రాతి పైపొరను జిప్సంగా మార్చేస్తుంది. వాన నేరుగా తగిలే చోట ఆ పొర కడుక్కుపోయి రాయి తెల్లగానే ఉంటుంది, కానీ ప్రతి ఏడూ కొంచెం కొంచెం అరిగిపోతుంది. వాన తగలని మడతల్లో జిప్సం నిలిచి, మసిని పట్టుకుని నల్ల పెచ్చు కడుతుంది. చాలా ఏళ్ళు గడిస్తే పైన చక్కెర పలుకుల్లా రాలడం మొదలవుతుంది. ఆ దశకు వచ్చాక పక్క ముఖంలో మొదట పోయేది కనురెప్ప. అందుకే పదును ముఖ్యమైన పని ఏదైనా ఆరుబయట పెట్టాల్సి వస్తే, పాలరాయి వద్దని నేను ముందే చెప్పేస్తాను. ఇంకో ఆశ్చర్యమేమిటంటే, మనం రోజూ వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పేరు కూడా ఆ నగరం నుంచే వచ్చింది. మొంమార్త్ర గుట్ట కింద తవ్విన జిప్సం నుంచి. ఏ పదార్థంతో షోపాన్ ముఖం పట్టుకున్నారో, ఆ పదార్థంగానే ఆయన మీది పాలరాయి మెల్లగా మారుతుంది.

వార్సాలో ముప్ఫై ఏళ్ళ తర్వాత

షోపాన్ కోరిక మేరకు ఆయన గుండెను తీసి విడిగా భద్రపరిచారు. లుద్వికా 1850లో దాన్ని తనతో వార్సా తీసుకెళ్ళింది. పోలండ్ అప్పుడు రష్యా చెప్పుచేతల్లో ఉంది. హోలీ క్రాస్ చర్చిలో చివరకు ఒక స్తంభంలో గుండెను పెట్టి, దాని మీద 1880లో పాలరాతి స్మారకం అమర్చారు. చెక్కింది లెయొనార్డ్ మార్కోనీ. షోపాన్ 1830లో వార్సా వదిలి వెళ్ళిన ఐదేళ్ళకు పుట్టినవాడు. ఎదుటి మనిషి ఎలా ఉండేవాడో ఆయనకు తెలిసే వీలు లేదు. పైగా చర్చి లోపల, వాన తగలని చోట పని. దాని మీద షోపాన్‌కు స్వదేశీయులు అని పోలిష్‌లో చెక్కారు, బైబిల్‌లోంచి నీ ధనం ఎక్కడ ఉంటుందో నీ హృదయం అక్కడే ఉంటుందన్న వాక్యం కూడా.

పారిస్‌లో స్నేహితులు, వార్సాలో స్వదేశీయులు. రాతి మీద ఒక్క మాట మారింది, ముఖం అవసరమే మారిపోయింది. స్నేహితులకు వాళ్ళు ఎరిగిన మనిషి కావాలి. దేశానికి తలెత్తుకు చూసే మనిషి కావాలి. నేను వార్సా వెళ్ళలేదు కాబట్టి ఆ పని నాణ్యత మీద తీర్పు చెప్పను. కానీ ఆర్డర్ పుచ్చుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న ఇప్పుడు ప్రతిసారీ అడుగుతున్నాను: రాతి కింద ఎవరి పేరు వేయిస్తారు? 'శిష్యులు' అనే జవాబుకూ 'గ్రామస్థులు' అనే జవాబుకూ నేను చేసే ముఖం వేరుగా ఉంటుంది.

ఈ విషయం ఆలోచిస్తున్నప్పుడల్లా మన త్యాగయ్య గుర్తొస్తాడు. షోపాన్‌కు దాదాపు మూడేళ్ళ ముందే, 1847 జనవరిలో, తిరువయ్యారులో సిద్ధిపొందాడు. ఒక ముఖాచ్చు లేదు, ఒక ఫొటో లేదు. కావేరి ఒడ్డున సమాధి ఏళ్ళ తరబడి పట్టించుకునేవాళ్ళు లేక పాడుపడింది. 1920ల్లో బెంగళూరు నాగరత్నమ్మ సొంత సొమ్ముతో అక్కడ గుడి కట్టించింది. మనం గోడల మీద చూసే త్యాగయ్య ముఖం అంతా తర్వాతివాళ్ళ భక్తిలోంచి వచ్చింది. అక్కడ ముఖం ఎలా ఉండేదని ఎవరూ తగాదా పడరు, కీర్తన పాడతారు. పారిస్‌లో తెల్లారగానే ప్లాస్టర్ కలిపారు. రెండు సంప్రదాయాల మధ్య తేడా ఇంతకంటే బాగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు. ఇందులో ఏది గొప్ప అని నేను అడగను. నాకు ఆర్డర్ ఇచ్చేవాళ్ళు మాత్రం రెండూ కావాలంటారు: నిజమైన ముఖమూ కావాలి, దణ్ణం పెట్టుకునేలానూ ఉండాలి.

మళ్ళీ మాస్టారి దగ్గరకు

పారిస్ నుంచి వచ్చాక బంకమన్ను బస్ట్ పగలగొట్టాను. శిష్యులు టెన్షన్ పడ్డారు, అడ్వాన్సు ఇచ్చేశారు మరి. వాళ్ళకు పూచీ ఇచ్చి, పద్ధతి మారుస్తానని చెప్పాను. బస్ట్ బదులు పక్క ముఖం రిలీఫ్, రెండడుగుల మక్రానా పాలరాతి పలక మీద. రాయి ఎంచుకోవడానికి నేనే రాజస్థాన్ వెళ్ళాను. బూడిద రంగు నరం ముఖం మీదికి రాకుండా పలక దొరకడం తేలిక కాదు. మూడు పలకలు తిప్పి చూసి, నాలుగోది తీసుకున్నాను.

తర్వాత మాస్టారి ఇంటికి వెళ్ళి ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఫొటోలు వద్దమ్మా, ఆయన ఎలా ఉండేవారో చెప్పండి అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నారు: "ఎవరైనా పిల్లలు తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు నాయనా. తల ఇలా కొంచెం వాల్చి, చెవి ఇటు పెట్టి వినేవారు. తప్పు వాళ్ళే దిద్దుకునేదాకా."

నాకు కావలసింది దొరికింది. అచ్చులోంచి నుదురు, ముక్కు, గడ్డం గీత తీసుకున్నాను, దాన్ని వెంట్రుకంత కూడా మార్చలేదు. తలను ఎనిమిది డిగ్రీలు వాల్చాను. అంత చిన్న వంపుకు మెడ కింద కండ మారిపోతుంది, ఒక వారం దానికే పట్టింది. చెవి అచ్చులో సరిగా రాలేదు కాబట్టి, ఒక కచేరీ వీడియో ఆపి ఆపి చూసి దాన్ని మళ్ళీ కట్టాను. ఆ చెవి చెక్కడానికి మిగతా ముఖానికి పట్టినంత సమయం పట్టింది. పలకలో అన్నిటికంటే లోతైన చోటు అదే. సన్న ఉలితో మడత లోపల పని చేసి, ఆకురాయి దూరని చోట అగ్గిపుల్లకు ఎమరీ కాగితం చుట్టి రుద్దాను.

చూపించిన రోజు ఆవిడ ముఖం పక్కకు తిప్పుకోలేదు. దగ్గరకు వచ్చి, కొంగు చివరతో చెవి మడతలో చిక్కిన రాతి పొడి తుడిచారు. "వింటున్నారు" అన్నారు, ఇంకేమీ అనలేదు.

పలక ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో సంగీత పాఠశాల వరండాలో, వాన పడని గోడకు ఉంది. కింద 'శిష్యులు' అనే ఉంది. ఆరు నెలలకు చూడ్డానికి వెళితే నుదుటి మీద కుంకుమ బొట్టు, ముక్కు కింద దీపపు మసి. పాలరాయి పీల్చుకునే రాయి, నూనె దిగితే లోపల పసుపుపచ్చగా నిలిచిపోతుంది. పూజ పసుపు మరక అయితే ఎండకు కొంత వెలుస్తుంది గానీ, బజారు కుంకుమలో కలిపే రంగు తేలిగ్గా వదలదు. తెల్ల మట్టి ముద్ద పట్టీలా వేసి రెండుసార్లు లాగితే చాలావరకు పోయింది. బొట్టు పెట్టొద్దని చెప్పడానికి నాకు మనసు రాలేదు. పలక కింద జానెడు ఎడంగా, చిన్న నల్ల గ్రానైట్ గూడు ఒకటి కట్టించాను. దీపం అందులో పెట్టమని, బొట్టు ఆ గ్రానైట్ మీద పెట్టమని చెప్పాను. పోయిన సంక్రాంతికి వెళ్ళాను. గూట్లో దీపం ఉంది, బొట్టు గ్రానైట్ మీదే ఉంది. ఒక పిల్ల పలక ముందు కూర్చుని వర్ణం తప్పుగా వాయిస్తూ, మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది.